డిప్రెషన్‌కి విటమిన్ మాత్రలతో చెక్ పెట్టొచ్చా? ఏ సప్లిమెంట్ ఎవరికి పనిచేస్తుంది.. ఎవరికి ప్రమాదం?

ఫోన్ తెరిస్తే చాలు.. రీల్స్ మధ్యలో మూడ్ బాగుచేసే గమ్మీలు, టెన్షన్ తగ్గించే క్యాప్సూల్స్, మెదడుకు బలాన్నిచ్చే చేపనూనె మాత్రలు వరసగా కనిపిస్తుంటాయి. నెలరోజుల కోర్సు, 40 శాతం తగ్గింపు, ఇంటికే డెలివరీ! మరోపక్క రాత్రిళ్లు నిద్రపట్టక, పొద్దున్నే మంచం దిగబుద్ధి కాక, ఎవరితో చెప్పుకోవాలో తెలియక నలిగిపోయేవాళ్లు ఎందరో. సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్తే నలుగురూ ఏమనుకుంటారోనన్న భయం. గమ్మీ డబ్బా తెప్పించుకుంటే మాత్రం ఎవరికీ తెలియదు. అందుకే చాలామంది ముందు ఆ డబ్బా వైపే చేయి చాస్తున్నారు.

మరి నిజంగా ఇవి పనిచేస్తాయా? కొన్ని పనిచేస్తాయి.. కానీ అందరికీ కాదు. ఒంట్లో ఏదైనా పోషకం నిజంగా తక్కువైతే, దాన్ని భర్తీ చేస్తే మనసు కూడా తేలికపడొచ్చు. డాక్టర్ ఇచ్చే చికిత్సకు తోడుగా ఒకటి రెండు సప్లిమెంట్లు కొంత సాయం చేయొచ్చు. లోపమే లేనివాళ్లు ముందు జాగ్రత్త అంటూ మింగితే డిప్రెషన్ రాకుండా ఉంటుందా అంటే.. పెద్ద పెద్ద పరీక్షల్లో అలాంటి ఫలితం కనిపించలేదు. ఏది ఎవరికి, ఎంత, ఎప్పుడు జాగ్రత్తపడాలి.. ఒక్కొక్కటిగా చూద్దాం.

బాధ వేరు.. డిప్రెషన్ వేరు

పరీక్ష పోయిందనో, ఉద్యోగం దొరకలేదనో, ఇంట్లో గొడవ జరిగిందనో నాలుగు రోజులు దిగులుగా ఉండటం మామూలే. దాన్ని డిప్రెషన్ అనరు. కనీసం రెండు వారాల పాటు, దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువ సేపు మనసు బరువుగా ఉండటం లేదా ఇదివరకు ఇష్టపడ్డ పనుల మీద కూడా ఆసక్తి పోవడం.. ఈ రెండింట్లో కనీసం ఒకటి ఉండాలి. దానికి తోడు నిద్ర, ఆకలి బాగా తగ్గడం లేదా పెరగడం, ఒళ్లంతా నీరసం, ఏకాగ్రత కుదరకపోవడం, ఎందుకూ పనికిరానివాడిననే భావన, బతకాలనిపించకపోవడం లాంటి లక్షణాలు కొన్ని కలిసి కనిపిస్తే డాక్టర్లు డిప్రెషన్‌గా గుర్తిస్తారు.

ఇదేదో ఎక్కడో ఒకరికి వచ్చే జబ్బు కూడా కాదు. బెంగళూరులోని నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో ప్రతి 20 మంది పెద్దల్లో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దీని బారిన పడినవాళ్లే. మానసిక సమస్యలు ఉన్నవాళ్లలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని కూడా అదే సర్వే తేల్చింది. సప్లిమెంట్ల గురించి మాట్లాడేటప్పుడు మర్చిపోకూడని విషయం ఇదే. అసలు చికిత్సే అందనివాళ్లు ఇంతమంది ఉన్నప్పుడు, గమ్మీలతో గడిపే ప్రతి నెలా చికిత్సను ఇంకో నెల వెనక్కి నెడుతుంది.

తిండికీ, మూడ్‌కీ లింక్ ఏంటి?

మన మూడ్‌ని నడిపించే సెరటోనిన్, డోపమైన్ లాంటి రసాయనాలు ఎక్కడినుంచో ఊడిపడవు. తిన్న తిండిలోని ప్రోటీన్ నుంచే శరీరం వాటిని తయారుచేసుకుంటుంది. పప్పులు, గుడ్లు, పాలు, మాంసంలో ఉండే ట్రిప్టోఫాన్ నుంచి సెరటోనిన్, టైరోసిన్ నుంచి డోపమైన్ తయారవుతాయి. ఈ తయారీకి ఐరన్, విటమిన్ బి6 కావాలి. ఫోలేట్, బి12 లేకపోతే ఆ ప్రక్రియ సాఫీగా నడవదు. ఇక మెదడు కణాల పొరల్లో ఒమేగా-3 కొవ్వులు కీలకం. ఒంట్లో దీర్ఘకాలం ఉండే వాపు లాంటి స్థితిని తగ్గించడంలోనూ ఇవి సాయపడతాయి.

అయితే ఇక్కడే చాలామంది పొరబడతారు. ముడిసరుకు తక్కువైతే తయారీ దెబ్బతింటుంది, నిజమే. కానీ సరిపడా ఉన్నప్పుడు ఇంకా పోస్తే తయారీ రెట్టింపు కాదు. అన్నం సరిపోక నీరసించినవాడికి ముద్ద పెడితే లేచి కూర్చుంటాడు. కడుపు నిండినవాడికి ఇంకో ముద్ద పెడితే ఆయాసమే మిగులుతుంది. విటమిన్ల సంగతీ అంతే. పైగా డిప్రెషన్‌కి కారణం పోషకాలొక్కటే కాదు. కుటుంబ చరిత్ర, జీవితంలో తగిలిన దెబ్బలు, అప్పులు, ఒంటరితనం, మద్యం, ఇతర జబ్బులు.. ఇలా ఎన్నో కలిస్తేనే ఈ సమస్య వస్తుంది.

బి12: మన దగ్గర ముందుగా చూడాల్సింది ఇదే

విటమిన్ బి12 సహజంగా దొరికేది పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసం లాంటి జంతు సంబంధ ఆహారంలోనే. అందుకే శాకాహారుల్లో, అందులోనూ పాలు, పెరుగు తక్కువగా తీసుకునేవాళ్లలో ఈ లోపం ఎక్కువ. వయసు పైబడినవాళ్లకు, కడుపు సర్జరీ అయినవాళ్లకు తిన్న ఆహారం నుంచి బి12 సరిగా ఒంటబట్టదు.

ఇంకో రెండు గ్రూపులు కూడా ఉన్నాయి. షుగర్‌కి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు ఒకరు. గ్యాస్ ట్రబుల్ అంటూ పరగడుపున యాసిడ్ తగ్గించే మాత్ర రోజూ వేసుకునేవాళ్లు ఇంకొకరు. ఈ మందుల వల్ల బి12 క్రమంగా తగ్గిపోవచ్చు. అలాగని వాటిని సొంతంగా ఆపేయకూడదు. బి12 టెస్ట్ చేయించుకోవాలా అని డాక్టర్‌ని అడిగితే చాలు.

బి12 తగ్గితే నీరసం, అరికాళ్లు, అరచేతుల్లో తిమ్మిర్లు, నోటిపూత, మతిమరుపు, చిరాకు, దిగులు కనిపిస్తాయి. ఇవి చూసి ఇంట్లోవాళ్లు వయసు మీద పడిందిలే అనుకుంటారు. మామూలు రక్త పరీక్షతో తేలిపోయే విషయమిది. లోపం ఉంటే మాత్రలో, ఇంజెక్షన్లో ఇస్తారు. నరాలు దెబ్బతినకముందే పట్టుకుంటే మంచి ఫలితం ఉంటుంది. లోపం లేనివాళ్లకు మాత్రం బి12 వల్ల డిప్రెషన్ తగ్గుతుందని చెప్పడానికి ఆధారాలు లేవు.

ఐరన్, థైరాయిడ్.. డిప్రెషన్‌లా కనిపించే రెండు సమస్యలు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత దేశం మొత్తమ్మీద 57 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే ఇద్దరిలో ఒకరికి పైనే! రక్తం తక్కువైతే మెట్లు ఎక్కినా ఆయాసం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం, చీటికీమాటికీ చిరాకు, ఏడుపు. బాలింతల్లో ఇది ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. బిడ్డ పుట్టాక తల్లి దిగులుగా ఉంటే, ప్రసవం తర్వాత వచ్చే డిప్రెషన్‌తో పాటు రక్తం ఎంత ఉందో కూడా చూడాలి. ఒకటి ఉందని రెండోదాన్ని వదిలేయకూడదు.

హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ పరీక్ష చేస్తే ఒంట్లో ఐరన్ నిల్వలు ఎంతున్నాయో తెలుస్తుంది. ఐరన్ మాత్ర వేసుకునేవాళ్లు దానితోపాటు టీ, కాఫీ తాగితే సగం ప్రయోజనం పోతుంది. నిమ్మరసం లాంటి విటమిన్ సి ఉన్నదాంతో తీసుకుంటే బాగా ఒంటబడుతుంది. మగవాళ్లలో, నెలసరి ఆగిపోయిన మహిళల్లో ఐరన్ తక్కువగా ఉందంటే లోపల ఎక్కడైనా రక్తం పోతోందేమో చూడాలి. కాబట్టి బలం మాత్ర కొనేసి ఊరుకోవడం సరికాదు.

థైరాయిడ్ హార్మోన్ తగ్గినా బరువు పెరగడం, మందకొడితనం, దిగులు వస్తాయి. ఇక్కడో చిన్న మెలిక ఉంది. జుట్టు, గోళ్ల కోసం అమ్మే గమ్మీల్లో బయోటిన్ ఎక్కువ మోతాదులో ఉంటుంది. అది రక్తంలో ఉంటే కొన్ని ల్యాబ్ మెషీన్లలో థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావచ్చు. టెస్ట్‌కి వెళ్లేముందు ఆ గమ్మీల సంగతి డాక్టర్‌కి చెప్పండి. ఎన్ని రోజుల ముందు ఆపాలో వాళ్లే చెబుతారు.

విటమిన్ డి: నమ్మకం ఎక్కువ.. ఫలితం?

డిప్రెషన్ ఉన్నవాళ్లలో విటమిన్ డి తక్కువగా ఉంటుందని చాలా అధ్యయనాల్లో తేలింది. దాంతో డి మాత్ర వేసుకుంటే డిప్రెషన్ పోతుందనే ప్రచారం మొదలైంది. కానీ ఆలోచించండి.. డిప్రెషన్‌లో ఉన్న మనిషి ఇంట్లోంచి బయటికే రాడు, ఎండ తగలదు, సరిగా తినడు. మరి డి తగ్గడం వల్ల డిప్రెషన్ వచ్చిందా? డిప్రెషన్ వల్ల డి తగ్గిందా?

దీన్ని తేల్చడానికి అమెరికాలో వైటల్-డెప్ పేరుతో భారీ పరీక్ష చేశారు. 50 ఏళ్లు దాటిన 18,353 మందిని తీసుకుని, కొందరికి రోజుకు 2,000 యూనిట్ల విటమిన్ డి3, మిగతావాళ్లకు అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఐదేళ్లకు పైగా గమనించారు. 2020లో వచ్చిన ఫలితం ఏంటంటే.. రెండు గ్రూపుల్లో డిప్రెషన్ వచ్చినవాళ్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే అందరూ ముందు జాగ్రత్తగా వేసుకున్నంత మాత్రాన డిప్రెషన్‌ని ఆపలేం.

అయితే ఇప్పటికే డిప్రెషన్ ఉండి, విటమిన్ డి కూడా బాగా తక్కువగా ఉన్నవాళ్లకు కొంత మేలు జరగొచ్చని కొన్ని చిన్న పరీక్షలు చెబుతున్నాయి. ఎముకలు, కండరాల కోసమైనా లోపాన్ని సరిచేసుకోవాల్సిందే కదా.

ఇక మోతాదు విషయంలో జాగ్రత్త! మెడికల్ షాపుల్లో దొరికే 60,000 యూనిట్ల క్యాప్సూల్, పౌడర్ ప్యాకెట్ సాధారణంగా వారానికి ఒకటి చొప్పున, కొన్ని వారాలకే రాస్తారు. చీటీలో వారానికి ఒకసారి అని ఉన్నది గమనించక రోజూ వేసుకుంటే రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరుగుతుంది. వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, మతి స్థిమితం తప్పడం.. చివరికి కిడ్నీలు దెబ్బతినే దాకా వెళ్లొచ్చు. ఇంట్లో పెద్దవాళ్ల మందుల డబ్బా ఒకసారి మీరే చూడండి.

ఒమేగా-3: డబ్బా ముందు కాదు.. వెనక చదవండి

డిప్రెషన్‌పై సప్లిమెంట్లలో ఎక్కువగా పరిశోధన జరిగినవాటిలో ఒమేగా-3 ఒకటి. ఇందులో ముఖ్యంగా రెండు రకాల కొవ్వులుంటాయి.. ఈపీఏ, డీహెచ్ఏ. డిప్రెషన్ లక్షణాలు తగ్గడంలో కాస్త ఫలితం కనిపించింది ఈపీఏ ఎక్కువగా, అంటే 60 శాతం లేదా అంతకు మించి ఉన్న రకాలతోనే. డీహెచ్ఏ ఒక్కటే ఇచ్చిన పరీక్షల్లో పెద్దగా ప్రయోజనం కనిపించలేదు. పోషకాహార మానసిక వైద్య పరిశోధకుల అంతర్జాతీయ సంఘం 2019లో ఇచ్చిన సూచనల్లో, చికిత్సకు తోడుగా రోజుకు 1 నుంచి 2 గ్రాముల ఈపీఏ అని పేర్కొన్నారు.

ఇప్పుడు లెక్క చూడండి. చేపనూనె 1000 మిల్లీగ్రాములు అని డబ్బా ముందు పెద్ద అక్షరాలతో ఉంటుంది. వెనక్కి తిప్పి చదివితే, చాలా మామూలు రకాల్లో ఈపీఏ 180, డీహెచ్ఏ 120 మిల్లీగ్రాములే కనిపిస్తాయి. అంటే 1 గ్రాము ఈపీఏ అందాలంటే రోజుకు ఐదారు క్యాప్సూల్స్ మింగాలి! రోజుకు ఒకటి వేసుకుని డిప్రెషన్‌కి మందు వాడుతున్నామని అనుకుంటే అది భ్రమే.

మరి సరైన మోతాదులో వాడితే గ్యారంటీగా తగ్గుతుందా? అదీ చెప్పలేం. వైద్య పరీక్షల ఫలితాలన్నింటినీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2021 సమీక్షలో, ఒమేగా-3 వల్ల వచ్చే మార్పు చిన్నదే అనీ, రోగికి తెలిసొచ్చేంత తేడా ఉండకపోవచ్చనీ తేల్చింది. వైటల్-డెప్ పరీక్షలోనే రోజుకు 1 గ్రాము ఒమేగా-3 ఇచ్చిన ఆరోగ్యవంతుల్లో డిప్రెషన్ తగ్గలేదు సరికదా, ఆ ముప్పు స్వల్పంగా పెరిగినట్టు 2021లో వెల్లడైంది. కాబట్టి ఇది ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ముందుజాగ్రత్తగా మింగాల్సింది కాదు. డిప్రెషన్ ఉన్నవాళ్లకు డాక్టర్ ఇచ్చే అసలు చికిత్సకు పక్కవాద్యం లాంటిదే.

రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, గుండె లయ తప్పే సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా ఎక్కువ మోతాదు ఒమేగా-3 తీసుకోకూడదు. ఎక్కువ మోతాదుల్లో గుండె లయ తప్పే ముప్పు పెరిగినట్టు పరీక్షల్లో కనిపించింది.

ఇక అవిసె గింజల మాటేమిటి? వాటిలో ఉండేది ఏఎల్ఏ అనే మరో రకం ఒమేగా-3. శరీరం దాన్ని ఈపీఏగా మార్చుకునేది చాలా కొద్దిగానే. గుండెకు మంచివే, తినండి. కానీ ఈపీఏకి అవి సాటిరావు. మన తీరంలో దొరికే కానాగంతల్లాంటి కొవ్వు చేపల్లో ఈపీఏ, డీహెచ్ఏ నేరుగా దొరుకుతాయి. ఖరీదైన విదేశీ సాల్మన్ కోసం వెతుక్కోవాల్సిన పనే లేదు.

ఫోలిక్ యాసిడ్: ఒక హెచ్చరికతో..

రక్తంలో ఫోలేట్ తక్కువగా ఉన్నవాళ్లకు డిప్రెషన్ మందులు సరిగా పనిచేయకపోవచ్చని డాక్టర్లు చాలాకాలంగా గమనిస్తున్నారు. 2000 సంవత్సరంలో వచ్చిన ఒక బ్రిటిష్ పరీక్షలో ఫ్లూఆక్సెటిన్ మందుతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇస్తే మహిళల్లో మంచి ఫలితం వచ్చింది, మగవాళ్లలో రాలేదు. తర్వాత వేల్స్‌లో 475 మందితో చేసిన పెద్ద పరీక్షలో 5 మిల్లీగ్రాములు ఇచ్చినా ప్రయోజనం కనిపించలేదు. మందులకు సరిగా లొంగని డిప్రెషన్‌లో ఎల్-మిథైల్ ఫోలేట్ అనే రకాన్ని 15 మిల్లీగ్రాముల మోతాదులో తోడుగా ఇస్తే ఉపయోగపడినట్టు 2012లో ఒక పరీక్ష చూపించింది. అదే 7.5 మిల్లీగ్రాములతో ఆ ఫలితం రాలేదు. అంటే ఏ రకం, ఎంత మోతాదు అన్నది డాక్టర్ తేల్చాల్సిన విషయం.

హెచ్చరిక ఏంటంటే.. బి12 లోపం ఉన్నవాళ్లు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వేసుకుంటే రక్తహీనత తగ్గినట్టే కనిపిస్తుంది. లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. అందుకే ముందు బి12 చూసుకోవాలి.

జింక్, మెగ్నీషియం, కుంకుమపువ్వు, పసుపు..

డిప్రెషన్ మందులకు తోడుగా జింక్ ఇస్తే కొంత మేలు కనిపించిందని చిన్న పరీక్షలు చెబుతున్నాయి. ఎక్కువ రోజులు ఎక్కువ మోతాదు వాడితే ఒంట్లో రాగి తగ్గిపోతుంది, అది ఇంకో సమస్య. మెగ్నీషియంపై అమెరికాలో 126 మందితో ఆరు వారాల పరీక్ష చేశారు, ఫలితం బాగానే వచ్చింది. కానీ ఎవరికి మాత్ర ఇస్తున్నారో అందరికీ తెలిసే చేసిన పరీక్ష అది. మాత్ర వేసుకున్నామన్న నమ్మకంతోనే కొంత మెరుగుపడే అవకాశం ఉంటుంది కాబట్టి గట్టిగా చెప్పలేం. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మెగ్నీషియం సొంతంగా అసలు వాడకూడదు.

కుంకుమపువ్వు సారాన్ని రోజుకు 30 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చిన చిన్న పరీక్షలు, ఎక్కువగా ఇరాన్‌లో జరిగినవి, ఆశాజనకంగా ఉన్నాయి. పసుపులోని కర్క్యుమిన్ మీద కూడా కొన్ని మంచి ఫలితాలున్నాయి. అయితే కూరలో వేసే చిటికెడు పసుపు వేరు, మిరియాల సారం కలిపి బాగా ఒంటబట్టేలా చేసిన క్యాప్సూల్ వేరు. అలాంటి క్యాప్సూల్స్‌తో లివర్ దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. సహజమైనదే కదా అని నిర్లక్ష్యం వద్దు.

వీటితో మాత్రం ఆటలొద్దు!

సెయింట్ జాన్స్ వర్ట్: పసుపు పూల మొక్క నుంచి తీసే ఈ మందు ఇప్పుడు మన దగ్గర కూడా ఆన్‌లైన్లో దొరుకుతోంది. నిజానికి దీనికి మంచి ఆధారమే ఉంది. 29 పరీక్షల్లోని 5,489 మంది వివరాలు పరిశీలించిన కాక్రేన్ సమీక్ష, ఓ మోస్తరు డిప్రెషన్‌లో ఇది మామూలు మందులతో సమానంగా పనిచేసిందని 2008లో చెప్పింది. కానీ అంత బలంగా పనిచేసేది, అంతే బలంగా ఇతర మందులతో గొడవ పడుతుంది. గర్భనిరోధక మాత్రలు, రక్తం పలచబడే వార్ఫరిన్, హెచ్ఐవీ మందులు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు వాడే మందులు.. వీటన్నింటి ప్రభావాన్ని ఇది తగ్గించేస్తుంది. గర్భం రాదనుకున్నవాళ్లకు రావచ్చు, మార్చిన కిడ్నీని శరీరం తిరస్కరించవచ్చు.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం.. డిప్రెషన్ మందులతో కలిపి వేసుకోవడం. రెండూ సెరటోనిన్‌ని పెంచేవే. అది హద్దు దాటితే ఒళ్లు వణుకు, చెమటలు, గుండె దడ, జ్వరం, కంగారు వచ్చి ప్రాణాపాయం దాకా వెళ్లొచ్చు. దీన్నే సెరటోనిన్ సిండ్రోమ్ అంటారు. ఇలా అనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

5-హెచ్‌టీపీ: నిద్ర కోసం, మూడ్ కోసం అని అమ్ముతారు. ఇది నేరుగా సెరటోనిన్‌గా మారే పదార్థం. డిప్రెషన్ మందులు వాడేవాళ్లకు దీనితోనూ అదే ప్రమాదం.

శామీ: కొన్ని పరీక్షల్లో ఫలితం కనిపించినా, బైపోలార్ సమస్య ఉన్నవాళ్లలో ఇది మనసుని ఒక్కసారిగా అటు చివరికి నెట్టేయొచ్చు. నిద్ర లేకపోయినా విపరీతమైన హుషారు, ఆగని మాటలు, అడ్డూఅదుపూ లేని ఖర్చులు మొదలవుతాయి. ఇదివరకు ఎప్పుడైనా ఇలాంటి రోజులు గడిపినవాళ్లు ఏ మూడ్ సప్లిమెంటూ సొంతంగా వాడొద్దు.

అశ్వగంధ: ఒత్తిడి తగ్గించడంలో కొంత ఆధారం ఉంది. డిప్రెషన్‌కి మాత్రం అంత లేదు. ఇది థైరాయిడ్ హార్మోన్ని పెంచగలదు, లివర్ దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి. గర్భిణులు వాడకూడదు. డెన్మార్క్ 2023లో దీన్ని నిషేధించింది కూడా.

లేబుల్‌పై ఈ మాట చూశారా?

మన దేశంలో సప్లిమెంట్లు మందుల కిందికి రావు. ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల కింద అమ్ముతారు. డబ్బా మీద హెల్త్ సప్లిమెంట్ అనీ, నాట్ ఫర్ మెడిసినల్ యూజ్ అనీ రాసి ఉండాలి. అంటే జబ్బు తగ్గించడానికి కాదు అని కంపెనీయే ఒప్పుకున్నట్టు. ఏ జబ్బునైనా నయం చేస్తుందని ప్రకటించుకోవడం నిబంధనలకు విరుద్ధం. కాబట్టి డిప్రెషన్ పోగొడుతుందని ఏదైనా ప్రకటన చెబితే, అక్కడే అనుమానించండి. 14 అంకెల లైసెన్స్ నంబర్, ఒక్కో పోషకం ఎంత ఉందో విడివిడిగా లెక్క, గడువు తేదీ లేని డబ్బా కొనొద్దు. సొంత మిశ్రమం అని చెప్పి లోపల ఏది ఎంతుందో దాచేసేవి ఇంకా ప్రమాదం. నాలుగైదు రకాలు ఒకేసారి వాడేవాళ్లు ఇంకో విషయం చూసుకోవాలి. ఒకే విటమిన్ రెండు మూడు డబ్బాల్లో ఉండి మోతాదు మీరిపోవచ్చు.

అన్నీ కలిపి వేసుకుంటే?

ఒక్కోటి కాకుండా అన్నీ కలిపి మల్టీవిటమిన్‌లా వేసుకుంటే ఫలితం ఉంటుందా? ఇదే ప్రశ్నతో యూరప్‌లో మూడ్‌ఫుడ్ అనే పరీక్ష చేశారు. నాలుగు దేశాల్లో అధిక బరువుతో పాటు కొద్దిపాటి డిప్రెషన్ లక్షణాలున్న 1,025 మందిని తీసుకుని, వాళ్లలో కొందరికి ఒమేగా-3, విటమిన్ డి, ఫోలిక్ యాసిడ్, సెలీనియం కలిపి ఏడాది పాటు ఇచ్చారు. 2019లో ఫలితం వచ్చింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకూ, వీళ్లకూ తేడా లేదు.

మరి ప్లేటు మార్చితే?

ఆస్ట్రేలియాలో స్మైల్స్ పేరుతో 67 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. డిప్రెషన్‌తో బాధపడుతున్నవాళ్లలో కొందరికి 12 వారాలు డైటీషియన్ సాయంతో తిండి మార్పించారు. కూరగాయలు, పండ్లు, పప్పుధాన్యాలు, ముడిధాన్యాలు, చేపలు, ఆలివ్ నూనె పెంచి, స్వీట్లు, వేపుళ్లు, ప్యాకెట్ తిండి, కూల్‌డ్రింకులు తగ్గించారు. మిగతావాళ్లకు తోడుగా కూర్చుని కబుర్లు చెప్పే మనిషిని మాత్రమే ఇచ్చారు. తిండి మార్చినవాళ్లలో 32 శాతం మంది డిప్రెషన్ నుంచి దాదాపు బయటపడ్డారు. రెండో గ్రూపులో 8 శాతమే. పరీక్ష చిన్నది, ఎవరు ఏ గ్రూపులో ఉన్నారో వాళ్లకు తెలుసు.. ఈ లోపాలు ఉన్నాయి. పైగా చాలామంది మందులో, కౌన్సెలింగో కొనసాగిస్తూనే తిండి మార్చారు. అయినా దీంతో నష్టమంటూ లేదు కదా.

మన ఇంట్లో ఇది చేయడానికి ఆలివ్ నూనె అక్కర్లేదు. రోజూ పప్పు, వారంలో మూడు నాలుగు రోజులు తోటకూర, పాలకూర, మునగాకు లాంటి ఆకుకూరలు, గిన్నెడు పెరుగు, తినేవాళ్లకు గుడ్డు, వారానికి రెండుసార్లు చేప, గుప్పెడు వేరుశనగలు, తెల్లన్నం కొంత తగ్గించి ఒకపూట జొన్న రొట్టో, రాగి సంగటో. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మొట్టమొదటి మాట కూడా ఇదే.. రకరకాల ఆహారం కలిపి తినండి.

డిప్రెషన్‌లో ఉన్న మనిషికి వంట చేసుకునే ఓపిక ఉండదన్నది కూడా నిజం. ఇది తిను, అది తిను అని చెప్పడం కన్నా, పక్కన కూర్చుని కంచంలో వడ్డించడమే ఇంట్లోవాళ్లు చేయగలిగే పెద్ద సాయం.

మందులు మానేసి సప్లిమెంట్లు.. వద్దే వద్దు!

డిప్రెషన్ మందులు వేసిన మర్నాడే పనిచేయవు. తేడా కనిపించడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తి ఫలితానికి ఇంకొన్ని వారాలు పడుతుంది. ఈ లోపే పనిచేయట్లేదని మానేసి గమ్మీలకు మారేవాళ్లున్నారు. ఒక్కసారిగా ఆపేస్తే తల తిరగడం, చిరాకు, తలలో కరెంట్ కొట్టినట్టు అనిపించడం, మళ్లీ డిప్రెషన్ రావడం జరగొచ్చు. తగ్గిన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు మందు కొనసాగించమని డాక్టర్లు చెబుతారు. ఆపాలంటే వాళ్ల సలహాతో మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న సప్లిమెంట్ డబ్బాలన్నీ ఒక కవర్లో వేసుకెళ్లండి, లేదా లేబుల్స్ ఫోటో తీసుకెళ్లండి. బి12, విటమిన్ డి, హిమోగ్లోబిన్, ఫెరిటిన్, థైరాయిడ్.. నాకు వీటిలో ఏ టెస్టులు అవసరం అని అడగండి. ఏ సప్లిమెంట్ రాసినా ఎన్ని వారాలు వాడాలి, తేడా లేకపోతే ఎప్పుడు ఆపాలి అన్నది కూడా అప్పుడే తెలుసుకోండి.

ఇలా ఉంటే ఒక్కరోజు కూడా ఆగొద్దు

చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నా, తిండి, నీళ్లు పూర్తిగా మానేసినా, లేని మాటలు వినిపిస్తున్నా అది టెస్టులు, సప్లిమెంట్లు అంటూ ఆగే సమయం కాదు. మనిషిని ఒంటరిగా వదలొద్దు. మాత్రలు, పురుగుమందుల డబ్బాలు అందకుండా తీసేయండి. దగ్గర్లోని ఆస్పత్రికి తీసుకెళ్లండి.

కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ నంబర్ 14416. 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది.

బీపీకి, షుగర్‌కి డాక్టర్ని చూసినట్టే దీనికీ చూడటం తప్పు కాదు. లోపం ఉంటే విటమిన్ వేసుకోండి, మంచి తిండి తినండి. కానీ మనసు రెండు వారాలుగా లేవలేకపోతుంటే.. ముందు కొనాల్సింది గమ్మీ డబ్బా కాదు, తీయాల్సింది ఓపీ చీటీ.